సవరణ: ఒడిశా కార్డు గుంటూరులో చెల్లదని రాశాను, అది తప్పు

ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కూలీని, ఆరోగ్య బీమా కార్డు చూపించినా, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ దగ్గరే తిప్పి పంపేసిందని మొన్న రాశాను. అక్కడితో ఆగకుండా "ఆ కార్డు వాళ్ల రాష్ట్రంలోనే పనిచేస్తుంది, ఇక్కడ చేతి డబ్బే గతి" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కౌంటర్‌లో అమ్మాయి చెప్పిందే నిజమనుకుని, కనుక్కోకుండా రాసేశాను.

కేంద్రం నడిపే ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా 2025లో చేరింది. ఆ కార్డుంటే వేరే రాష్ట్రంలోనైనా, పథకం కింద ఉన్న ఆసుపత్రిలో అడ్మిట్ అయితే ఉచితంగా వైద్యం చేయాలి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు లేదన్నది సాకు కాదు. అయితే అన్ని ఆసుపత్రులూ ఇందులో ఉండవు. ఓపీ చీటీకి, బయట కొనే మాత్రలకు ఇది వర్తించదు. వెళ్లేముందు పథకం హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి అడగడం మేలు. ఆభా నంబరుతో దీన్ని కలిపేయకండి, అది ఆరోగ్య రికార్డుల కోసం, బీమా కాదు. (నేనూ కలిపేశాను.)

"వాళ్ల భాష రాదు కాబట్టి పంపేశారు" అని సర్దిచెబుతూ రాసిన వాక్యం కూడా తీసేశాను. భాష రాకపోతే, ఆ భాష తెలిసినవాళ్లను పిలవాలి. అతను వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంటే కౌంటర్‌లో వాళ్లు నవ్వారు, అది నేను చూశాను. ఆ ముక్క మాత్రం సవరించను.