కనిపించని ఆ అక్షరాన్ని తీసేయకండి

భాషా మోడల్ అనే ఏఐ ప్రోగ్రామ్‌కు తెలుగు నేర్పడానికి తెలుగు వికీపీడియా డంప్‌ను (వ్యాసాలన్నీ కలిపి ఉండే ఫైలును) ఒక్క స్క్రిప్టుతో, అంటే చిన్న ప్రోగ్రాముతో, శుభ్రం చేసేయొచ్చని మీ వ్యాసంలో రాశారు. తెలుగుకు అలా కుదరదండి. మాదాపూర్‌లో మా చిన్న టీమ్ ఈ పనే చేసింది. కంటికి కనిపించని అక్షరాలన్నీ చెత్తే అనుకుని తీసేశాం. వాటితో పాటు పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ (తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు) కూడా పోయింది. 'హైదరాబాద్‌లో' అన్న మాట ప్రతిచోటా 'హైదరాబాద్లో' అయి కూర్చుంది! పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది, ఎంత టెన్షన్ పడ్డామో.

మూసలు (వికీ పేజీల్లో మళ్లీమళ్లీ వాడే రెడీమేడ్ కోడ్ ముక్కలు) తీసేటప్పుడూ జాగ్రత్త. కొలతలు మార్చే మూసతో పాటు అందులోని అంకె కూడా పోయి, వాక్యం అర్థం లేకుండా మిగులుతుంది.

ఇక ఊళ్ల వ్యాసాలు. 2011 జనగణన లెక్కలతో, అచ్చు గుద్దినట్టుండే వాక్యాలు చాలా ఎక్కువ. ఊరి పేరు, అంకెలు పక్కనపెట్టి పోల్చి, కొన్నే ఉంచండి. లేకపోతే మోడల్‌కు తెలుగంటే అదే అనిపిస్తుంది. దయచేసి వ్యాసంలో ఇవి కూడా చేర్చండి.