అంత తొందరగా తేల్చేయకండి

గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందాన ఉండే కార్బన్ పొర) పారదర్శకం, పైగా వంగుతుంది, కాబట్టి టచ్ స్క్రీన్లలో కరెంటు పారించే పారదర్శక పూత ఇండియం టిన్ ఆక్సైడ్ పని ఇక అయిపోయినట్టేనని మీ వ్యాసంలో రాశారు. అంత తేలిక కాదండీ. నేను నెల్లూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తుంటాను. పాత రకం ప్లాస్టిక్ టచ్ ప్యానెల్ మూల దగ్గర ఒకసారి మడత పడితే చాలు, పైకి గీతైనా కనిపించదు, ఆ వరుస మాత్రం వేలికి పలకదు. లోపలి ఇండియం టిన్ ఆక్సైడ్ పూత పెళుసు, చిట్లిపోతుంది. కాబట్టి దానికి బదులు ఇంకోటి రావాలన్న మాట నిజమే.

ఒక్క గ్రాఫీన్ పొర పీల్చుకునే వెలుగు సుమారు 2.3 శాతమే. కానీ ఒంటి పొరకి నిరోధం ఎక్కువ. పొరలు పేర్చితే నిరోధం తగ్గుతుంది, దాంతోపాటు వెలుగూ తగ్గుతుంది. 2010లో కొరియా పరిశోధకులు రాగి రేకు మీద పెంచిన గ్రాఫీన్‌ను 30 అంగుళాల ప్లాస్టిక్ షీటుకి రోలర్లతో ఎక్కించారు. నాలుగు పొరలతో 90 శాతం వెలుగు దాటింది, నిరోధం చదరానికి 30 ఓమ్‌ల దాకా దిగింది. అదీ నైట్రిక్ ఆమ్లంతో డోపింగ్ (కరెంటు బాగా పారేలా వేరే పదార్థం చేర్చడం) చేశాకే! అసలు కీలకం అక్కడుంటే మీరు దాన్నే వదిలేశారు. గ్రాఫీన్‌కి బదులు కార్బన్ నానోట్యూబులు, అంటే అతి సన్నని కార్బన్ గొట్టాలు వాడితే, ఒక గొట్టం ఇంకోదాన్ని తాకే చోటే కరెంటుకి చిక్కు.

మా సైదాపురం వైపు అభ్రకం రేకుని పలచగా చీలిస్తే వెలుగు దాటుతుంది, వంగుతుంది, కరెంటు మాత్రం పారదు. ఈ మూడు గుణాలూ ఒకే పొరలో కుదరడమే కష్టం.

ఆ డోపింగ్ ప్రభావం రానురాను తగ్గుతుంది. మా నెల్లూరు ఎండకీ, సముద్రపు తేమకీ అది ఎన్నాళ్లు ఆగుతుందో వచ్చే వ్యాసంలో రాయండి.