సన్నబడుతున్న పతిదేవులు, గుర్తించని సమాజం

త్యాగాలకి మన దేశంలో విలువ లేదన్నది పాత ఫిర్యాదే. అయినా ఈ మధ్య ఇంటింటా జరుగుతున్న ఒక మహా త్యాగాన్ని పత్రికలు కూడా పట్టించుకోకపోవడం చూస్తే కలం పట్టక తప్పలేదు. ఆలుమగలిద్దరూ కలిసి బరువు తగ్గుదామనుకున్నప్పుడు మగవాడు పడే శ్రమ గురించి నేను చెబుతున్నది. నిర్ణయం తీసుకునేది ఆయన. "రేపటి నుంచి మేమిద్దరం డైట్" అని ఫ్యామిలీ గ్రూపులో ప్రకటించేది ఆయన. వాయిదాల మీద ఎయిర్ ఫ్రయ్యర్ కొనేది ఆయన. ఇంత జరిగాక మిగిలేవన్నీ చిల్లర పనులు: కూరలు తేవడం, కడగడం, తరగడం, వండడం, వడ్డించడం, గిన్నెలు సర్దడం. అవి ఎలాగూ జరిగిపోయేవే.

సమస్య చిన్నదేం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఉండాల్సిన దానికన్నా బరువున్నారు. మగవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు మూడో వంతు. ఎత్తుకి బరువు ఎంత తగ్గట్టుందో చెప్పే బీఎంఐ లెక్కలో 25 దగ్గర గీత గీస్తేనే ఇంతమంది. మన ఒళ్ళకి 23 దాటినప్పుడే మేలుకోమంటారు డాక్టర్లు. నడుం చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదంటారు. మా తార్నాక అపార్ట్‌మెంట్‌లో టేపు పెట్టి కొలిచే సాహసం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. లుంగీ ఎవరి కొలతా బయటపెట్టదు, అది దాని పెద్దమనసు.

అలాంటి చోట మా ఎదురు ఫ్లాట్ ఆయన ముందుకొచ్చారు. పిల్లలిద్దరూ హాస్టల్లో ఉంటారు. ఇంట్లో ఆయన, ఆవిడ, ఆయన తల్లిగారు. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్'లో వంటనూనె పది శాతం తగ్గించమని దేశప్రజల్ని కోరిన రోజు ఈయన ఆ మాట చెవిన పడీ పడగానే వంటింటి గుమ్మం దాకా నడిచి వెళ్ళి ఆవిడకి చెప్పారు. ఢిల్లీలో బయల్దేరిన సందేశం చివరి మజిలీ దాకా చేరడంలో ఇలాంటి కార్యకర్తల పాత్ర ఎంతటిదో వేరే చెప్పాలా!

పైగా మాకు కూతవేటు దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది. రోజుకి రెండు వేల కిలోక్యాలరీలు చాలిన మనిషి పళ్ళెం ఎలా ఉండాలో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో లెక్క కట్టి చూపించారు. ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, నూనె నెయ్యి లాంటివన్నీ కలిపి 27 గ్రాములు. ఎదురింటాయన ఆ కాగితం రంగుల్లో ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. నాలుగు మూలలా టేపు స్వయంగా వేశారు. 27 గ్రాముల చొప్పున ముగ్గురికి నెలకి రెండున్నర, రెండుముప్పావు లీటర్లు చాలు. వాళ్ళింటికి నెలనెలా వచ్చేది అయిదు లీటర్ల డబ్బా. మిగతా సగాన్ని ఎలా మాయం చెయ్యాలన్నది కేవలం సాంకేతిక వివరం కాబట్టి ఆవిడకి వదిలేశారు.

ఆవిడ ఆ వివరాన్ని ఎలా పరిష్కరించిందో ఒకసారి నేను కళ్ళారా చూశాను. గుత్తొంకాయ కూర గురించి మనకి తరతరాల శాసనం ఒకటుంది: నూనె పైకి తేలేదాకా మగ్గాలి. ఆవిడ ఇనప మూకుట్లో రెండు చెంచాలు కొలిచి పోసింది. ఆవాలు చిటపటమన్నాక కారం కూరిన లేత వంకాయలు ఒక్కొక్కటీ పేర్చింది. పైన లోతైన పళ్ళెం బోర్లించకుండా పెట్టి అందులో గ్లాసుడు నీళ్ళు పోసింది. లోపల లేచిన ఆవిరి ఆ చల్లటి పళ్ళేనికి తగిలి చుక్కలై మళ్ళీ కాయల మీదే పడుతుంటే, అడుగంటకుండా, సన్నటి సెగ మీద కూర దానంతటది ఉడికింది. పళ్ళెంలో నీళ్ళు వేడెక్కితే వాటినే కూరలో చిలకరించింది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన పద్ధతట.

"ఇదేదో కొత్త టెక్నిక్‌లా ఉందే! ఏ రీల్‌లో చూశావోయ్?" అన్నారాయన.

భోజనం దగ్గర మొదటి ముద్ద తిని "బాగుంది గానీ, నూనె కాస్త తగ్గినట్టుంది" అన్నారు. ఆ తగ్గింపు కోసమే ఇంత ఉద్యమం నడుస్తున్నా రుచి విషయంలో నిష్పక్షపాతంగా ఉండగలగడం గొప్ప సంగతి. ఆ లోటు రెండు గరిటెల నెయ్యితో సర్దుకున్నారు. ఫ్రిజ్ మీది కాగితం నెయ్యిని కూడా ఆ 27 గ్రాముల్లోనే కలిపింది నిజమే. కానీ నెయ్యి మన సంస్కృతి. సంస్కృతికి క్యాలరీలు అంటగట్టడం భావ్యం కాదు.

ఇక చిరుధాన్యాలు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, మా ఎదురింట్లో అది ఇంకా నడుస్తోంది. ఆయనకి కొర్రన్నం. కొర్రలు ముందు రోజు రాత్రే నానబెట్టాలి. ఆ సంగతి గుర్తుపెట్టుకోవడం ఆవిడ వంతు, పొద్దున్నే "నానబెట్టావా?" అని అడగడం ఆయన వంతు. తల్లిగారికి కొర్రలు అరగవు కాబట్టి విడిగా మెత్తటి అన్నం, ముద్దపప్పు. భార్యకి మాత్రం రెండింట్లో ఏది మిగిలితే అది. ఇలా ఒక పొయ్యి మీద మూడు రకాల క్రమశిక్షణ ఉడుకుతుంది. మరీ లోతుకి పోయేవాళ్ళ కోసం ఒక మాట: వంద గ్రాముల కొర్రల్లోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ శక్తి దాదాపు సమానమే. కొర్రల్లో పీచు ఎక్కువ, తొందరగా కడుపు నిండుతుంది, అందుకని తక్కువ తింటామని శాస్త్రం. ఆయన మాత్రం శాస్త్రం చేతిలో ఓడిపోయే రకం కాదు. అన్నం ఎంత తినేవారో కొర్రలూ అంతే తిని చూపించారు.

వ్యాయామం దగ్గరికొస్తే ఆయన నిబద్ధత మరీ ప్రకాశిస్తుంది. రోజూ ఆరింటికల్లా ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద ఉంటారు. ఏడడుగులతో మొదలైన కాపురం పదివేల అడుగుల దాకా రావాలన్నది ఆయన ఆశయం. ఆ పదివేల అంకె ఏ వైద్యశాస్త్ర గ్రంథం నుంచీ రాలేదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మడానికి దానికి పదివేల అడుగుల మీటరని పేరు పెట్టింది, అక్కడి నుంచి ప్రాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మాత్రమే. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది కూడా ఇంచుమించు ఒక పెద్ద చెంచాడు నూనె పాటి. అందువల్లనే కాబోలు, నడక ముగియగానే మిత్రమండలి టిఫిన్ బండి దగ్గర సమీక్షా సమావేశం జరుపుతుంది. ఇడ్లీ ఆవిరి మీద ఉడికినది కనుక ఆరోగ్యం. పక్కన రెండు మైసూరు బజ్జీలు తులనాత్మక పరిశీలన కోసం.

ఆవిడ నడకకి రాదెందుకని నేను ఆయన్నే అడిగాను. "ఎన్నిసార్లు పిలిచినా రాదండీ, ఒళ్ళొంచే అలవాటు లేదు" అన్నారు. ఆరింటి నుంచి ఏడింటి దాకా ఆవిడ చేసేది పెసరట్ల పిండి రుబ్బడం, బాక్సులోకి కూర, తల్లిగారికి కాఫీ, మందులు, మొక్కలకి నీళ్ళు, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టడం. ఇంత ఖాళీ సమయాన్ని వ్యాయామానికి వాడుకోకపోవడం విచారకరమే. ఇల్లు తుడవడం కూడా వ్యాయామమే కదా అని కొందరు వాదిస్తారు. కాదు. డబ్బు కట్టి, బూట్లేసుకుని, అద్దం ముందు వంగితేనే వ్యాయామం. ఊరికే వంగితే అది పని.

2019లో కేంద్ర గణాంక శాఖ వాళ్ళు జనం రోజుని ఎలా ఖర్చు పెడుతున్నారని సర్వే చేశారు. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు పడుతున్నాయి. చేసే మగవాళ్ళకి 97 నిమిషాలే. స్త్రీవాదులు దీన్ని చూసి గుండెలు బాదుకుంటారు గానీ, ఆ అంకెల్లో నాకు కనిపించేది మగవాడి పనితనం. అయిదు గంటల పనిని గంటన్నరలో తేల్చేసే నేర్పు మరెవరికుంది? అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది. మిగతావాళ్ళ నేర్పు ఇంకా గొప్పది, సున్నా నిమిషాల్లో ముగిస్తున్నారు.

ఇంత కృషికి ఫలితం దక్కకుండా ఉంటుందా? కొన్ని నెలలు గడిచేసరికి ఆయన నాలుగు కిలోలు తగ్గారు. ఆవిడ ఒక్క కిలో. మగ శరీరంలో కండ ఎక్కువ, మొదట్లో వాళ్ళ బరువే త్వరగా దిగుతుందని డాక్టర్లు అంటారు. అంత చిన్న కారణంతో ఆయన ఘనతని తగ్గించడం నాకిష్టం లేదు. ఫ్లాట్ ఓనర్ల సంఘం వారు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని "సంకల్పం ఉంటే చాలు, మనసు అదుపులో ఉంటే చాలు" అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆవిడ ఆ సభకి రావడం ఆలస్యమైంది. సభికులకి మొలకల సలాడ్ తనే చేసి తేవాలి మరి.

అంతా సవ్యంగా ఉన్న ఈ సమయంలో ఒక వింత జరిగింది. తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్‌కని రాజమండ్రి వెళ్ళిన ఆవిడ, అమ్మ ఉండమంటే నెలకి పైగా అక్కడే ఉండిపోయింది. తల్లిగారిని ఆయన చెల్లెలింటికి పంపించారు. ఇక్కడ డైట్ భారమంతా ఆయన ఒక్కరే మోశారు. ఎయిర్ ఫ్రయ్యర్‌లో అప్పడం కాల్చడం వరకూ ఆయనకి వచ్చు. మిగతాది బయటి నుంచి వచ్చేది. బిర్యానీ తెచ్చే కుర్రాడు సెక్యూరిటీ దగ్గర పేరు చెప్పడం కూడా మానేశాడు. మూడు కిలోలు వెనక్కొచ్చాయి. అక్కడ ఆవిడ వేళకి కూర్చుని, వేడివేడిగా, ఎవరో వడ్డిస్తే తిన్నది. పొద్దున్నే మరదలితో కబుర్లు చెప్పుకుంటూ పుష్కరాల రేవు నుంచి కోటిలింగాల రేవు దాకా నడిచింది. మధ్యాహ్నం పడుకుంది. ఫంక్షన్‌లో పులిహోర, బూరెలు దేనికీ వద్దనలేదు. తిరిగొచ్చి మిషనెక్కితే మూడు కిలోలు తక్కువ.

అక్కడ వంట చాలావరకు ఆవిడ తమ్ముడే చేస్తాడట, ఆ ఇంట్లో మగవాళ్ళకి అలాంటి అలవాటుంది. దానికీ బరువుకీ సంబంధం ఉందనడానికి నాకైతే శాస్త్రీయమైన ఆధారమేదీ కనబడలేదు. గోదావరి నీళ్ళ మహత్యమై ఉంటుందని ఎదురింటాయన అనుమానం. తేల్చడానికి సంఘం సమావేశమైంది. తీర్మానం చెయ్యబోతుండగా మూడో అంతస్తు ఆవిడ లేచి, "హైదరాబాదుకి ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు 2015 నుంచీ వస్తూనే ఉన్నాయి కదండీ" అంది. సభ కాసేపు చిక్కులో పడింది. పైపుల్లో అంతదూరం వచ్చేసరికి నీళ్ళలో సారం చచ్చిపోతుందని అధ్యక్షులవారు సర్దిచెప్పాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాజమండ్రి నుంచి నెలకో ట్యాంకరు తెప్పిస్తే ఎంతవుతుందో కనుక్కునే బాధ్యత ఏకగ్రీవంగా ఎదురింటాయనకి అప్పగించారు.

ఆయన ట్యాంకరు వాళ్ళ నంబరు శ్రద్ధగా రాసుకుని ఇంటికి తీసుకెళ్ళి, వంటయ్యాక ఫోన్ చేసి కనుక్కోమని ఆవిడ చేతిలో పెట్టారు.