గార్డుకు అంత జీతమా!

2025 ఆరంభంలో అమెరికన్ ఫుట్‌బాల్ పండితులకు ఒక ధర్మసందేహం పట్టుకుంది. కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు, ఒప్పందం ముగుస్తున్న ట్రే స్మిత్‌ను ఉంచుకోవాలా, సాగనంపాలా? వయసు పాతికేళ్లు. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి ఆటా ఆడాడు. ఇంత నమ్మకస్తుణ్ని ఉంచుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? పైగా గార్డు. గార్డుకు డబ్బెందుకు?

గార్డు బంతి ముట్టడు. ఎదుటి భారీకాయుడు, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా అడ్డుకుంటాడు, అంతే. ఆ పని చక్కగా చేసినంతసేపూ కెమెరా అతడి వంక చూడదు. ఒక్కసారి ఎదుటివాడి చొక్కా గుంజాడా, అతడి దశ తిరిగినట్టే! తప్పు జరిగిందని చెప్పే పసుపు గుడ్డ ఎగురుతుంది. రిఫరీ మైకు మీట నొక్కి, గొంతు సవరించుకుని, తీర్పు చదివే జడ్జిలా "హోల్డింగ్, 65వ నంబరు, పది గజాలు" అని ప్రకటిస్తాడు. వేలమంది గోల. ఆ గుంజుడే నెమ్మదిగా ఒకసారి, ఇంకా నెమ్మదిగా మరోసారి, వేళ్లు దగ్గరగా కనబడేలా ఇంకోసారి చూపిస్తారు. ఊళ్లో చుట్టాలు "అదుగో మనవాడు!" అని మురిసిపోవచ్చు. మళ్లీ ఆ భాగ్యం తర్వాతి తప్పుకే.

2023 ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో, ఆ సీజన్‌లో 70 సార్లు క్వార్టర్‌బ్యాక్‌లను కూల్చిన ప్రత్యర్థి జట్టు ఈగిల్స్, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను ఒక్కసారీ కూల్చలేకపోయారు. కీర్తి మహోమ్స్ గాయపడ్డ చీలమండకు దక్కింది. 2025 సూపర్ బౌల్‌లో అదే ఈగిల్స్ ఆయన్ను ఆరుసార్లు కూల్చారు. అప్పుడు మాత్రం అడ్డుకునేవాళ్ల లైనులో ఉన్న ప్రతివాడి పేరూ అందరికీ గుర్తొచ్చింది.

మహోమ్స్‌కు 2020లో పదేళ్లకు 45 కోట్ల డాలర్లు రాసిచ్చినప్పుడు ఎవరికీ గుండె ఆగలేదు. ఆయన ఎముకలు విరగకుండా కాచేవాడి దగ్గరికి వచ్చేసరికే అందరికీ లెక్కలు గుర్తొస్తాయి. కాలేజీలో ఉండగా 2018లో స్మిత్ ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కట్టాయి. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2021 డ్రాఫ్ట్‌లో 225 మంది పేర్లు పిలిచాక గానీ అతడి పేరు పిలవలేదు. చావు అంచుదాకా వెళ్లొచ్చి, ఆరో రౌండు కూలికి మీ కోట్ల ఆస్తిని కాపాడినవాడు ఇప్పుడు 'ఖరీదైనవాడు' అయ్యాడా? సిగ్గుండాలి!

చివరికి చీఫ్స్ ఒక్క ఏడాదికి జట్టులోనే కట్టిపడేసే, సుమారు 2.34 కోట్ల డాలర్ల ఫ్రాంచైజీ ట్యాగ్ తగిలించారు. జులైలో నాలుగేళ్లకు 9.4 కోట్లు ఇచ్చారు. పండితులు గుండెలు బాదుకున్నారు. ఈ మధ్యలో వాళ్లకు ఊరట కలిగించే పని కూడా ఒకటి జరిగింది: అదే లైనులో స్మిత్‌కు తోడున్న, నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన జో థూనీని మార్చిలో షికాగోకు పంపేశారు. బదులుగా డ్రాఫ్ట్‌లో ఒక నాలుగో రౌండు ఎంపిక పుచ్చుకున్నారు. అదీ 2026లో వాడుకోవలసినది.