సంపులో కొర్రమీను

కొర్రమీను నీటిలో తప్ప మరెక్కడా కదలలేదని నమ్మేవారు విశాఖపట్నంలో ఎందరైనా ఉండవచ్చు గానీ, ఆ నమ్మకాన్ని సంఘం ముద్ర వేసిన కాగితం మీద రాసి నా ఫ్లాటు తలుపు కింద నుంచి లోపలికి తోసిన వ్యక్తి మాత్రం, మధురవాడలోని మా అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం కార్యదర్శి గారొక్కరే. "చేపకు కాళ్లు లేవు కనుకనూ, అది తనంతట తాను సంపులోకి వెళ్లే అవకాశం లేదు కనుకనూ, దానిని తమరే వేసినట్లు సంఘం భావిస్తున్నది" అని అందులో ఉంది. నిన్నటి నుంచి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, వచ్చినప్పుడూ వెళ్లినప్పుడూ చదువుకుంటున్నాను.

నా దగ్గర పది అడుగుల ఫైబర్ పడవ ఒకటి ఉంది. పాతదే కొన్నాను. అనుమతి దొరికిన చెరువు మధ్యలో కూర్చుని గాలం వేసుకోవడానికి అంతకు మించినది అక్కరలేదు. దాని అడుగున ఎక్కడో నీరు ఊరుతున్నదని గమనించి, సెల్లారులో నాకు కేటాయించిన స్థలంలో పాత టైర్ల మీద నిలబెట్టాను. చీలికను కనిపెట్టే పద్ధతి తేలికైనదే: పడవ బయటి వైపంతా పొడి సుద్ద రుద్ది, లోపల కొద్దిగా నీరు పోసి కాసేపు ఆగితే, నీరు ఎక్కడ బయటికి వస్తున్నదో అక్కడ సుద్ద తడిసి గీత పడుతుంది. నీరు మరీ ఎక్కువ పోయకూడదు. చెరువులో ఉన్నప్పుడు పడవను నీరు కింద నుంచి అంతటా సమంగా మోస్తుంది గానీ, నాలుగు టైర్లు అలా మోయవు. మూడు వందల లీటర్లు పోస్తే మూడు క్వింటాళ్ల బరువు ఆ నాలుగు చోట్లే పడి, ఉన్న చీలికకు తోడు కొత్తది పుడుతుంది. షిప్‌యార్డులో పనిచేసి పదవీ విరమణ చేసిన మూడో అంతస్తు పెద్దాయన నా ఏర్పాటును మెచ్చుకుని, తడిసిన గీత చుట్టూ తన పెన్సిలుతో గుర్తు కూడా పెట్టారు. కార్యదర్శి గారు ఆ నీరు ఎన్ని బకెట్లో అడిగి పుస్తకంలో రాసుకున్నారు.

ఆ నీటిని తోడేసి, అడుగును బాగా ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, చీలిక మీద ఫైబర్ మ్యాట్ పరిచి రెజిన్ అనే జిగురు పూయడం మిగిలింది. తడి మీద రెజిన్ పట్టదు కనుక ఆరబెట్టడమే అసలు పని. అది మొదలు కాకముందే శనివారం వచ్చింది.

శనివారం నాడు ఆనందపురం వైపు తెలిసినవారి చెరువులో, కలువ ఆకుల అంచున, గాలానికి ఎరగా కట్టిన రబ్బరు కప్పను లాగుతూ ఉండగా, కిలోకు పైబడిన కొర్రమీను పడింది. సింహాచలం అప్పన్న మీద భక్తితో శనివారం కోడిగుడ్డు కూడా గడప దాటనివ్వని ఇంటికి దానిని తీసుకువెళ్లే ధైర్యం నాకు లేదు. కొర్రమీను తడి గోనెసంచిలో గంటల తరబడి బతుకుతుంది. బజారులో కూడా దానిని ప్రాణంతోనే అమ్ముతారు. కనుక ఆదివారం తెల్లవారేదాకా పడవలో ఉన్న నీటిలోనే దానికి ఆశ్రయమిచ్చి, పైన ఒక పాత వల కప్పి, ఎవరికీ చెప్పకుండా మేడ మీదికి వెళ్లి పడుకున్నాను.

రాత్రి వాన కురిసింది. వాన కురిస్తే మా సెల్లారులోకి ర్యాంపు మీదుగా నీరు దిగుతుంది. ఆ నీరు వాలుగా పారి సంపు వైపే వెళుతుంది. టాంకరు గొట్టం దించడానికి వీలుగా సంపు మూతలో ఒక మూల పగలగొట్టి ఉంది. ఈ మూడు విషయాలనూ నేను సంఘానికి రాతపూర్వకంగా తెలియజేసి ఉన్నాను. కొర్రమీనుకు మొప్పలే కాక తలలో నేరుగా గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంటుందనీ, తడి నేల దొరికితే అది ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ ఒక మడుగులో నుంచి ఇంకొక మడుగుకు పోగలదనీ మాత్రం తెలియజేయలేదు, సంఘం ఎన్నడూ అడగలేదు గనుక. ఆ వాన నీటి వెంట ఇంతకాలం ఏమేమి సంపులోకి వెళ్లాయో ఆరా తీసినవారు లేరు. చేప వెళ్లిందని తెలియగానే ఉదయం ఆరున్నరకు అత్యవసర సమావేశం పెట్టారు.

సమావేశ స్థలం సంపు మూత చుట్టూ. వంటకూ స్నానాలకూ చాలినన్ని నీళ్లు మేడ మీది టాంకులో లేవు. చేప గొట్టంలో నుంచి పైకి ఎక్కి ఎవరి కుళాయిలోనైనా ప్రత్యక్షమవుతుందన్న భయంతో, మోటారును తామే స్వయంగా ఆపివేశామని కార్యదర్శి గారు ప్రకటించారు. గొట్టం చివర ఫుట్‌వాల్వుకు జల్లెడ ఉంటుందనీ, దాని రంధ్రాలలో చిటికెన వేలు కూడా దూరదనీ నేను మనవి చేశాను. "వేసినవారు మీరు, తీయవలసినవారూ మీరే" అన్నారు ఆయన. నేను మేడ మీదికి వెళ్లి గాలం తెచ్చాను.

ఇక్కడ గాలం వేటలో అనుభవం ఉన్నవారికి మాత్రమే అర్థమయ్యే కొన్ని కష్టాలను చెప్పుకోవాలి. నా రాడ్డు పొడవు ఏడు అడుగులు. సెల్లారు కప్పు, దాని కింద వేలాడే మురుగునీటి గొట్టాలను కలుపుకుంటే, అంతకంటే కొంచెమే ఎత్తు. సంపు నోరు రెండడుగుల చదరం. చెరువు మీద అయితే రాడ్డును వెనక్కి ఎత్తి, మణికట్టు ఒక్కసారి విదిలించి, ఎరను కోరిన చోట పడవేయవచ్చు. ఇక్కడ రాడ్డు వెనక్కి ఎత్తితే రెండో అంతస్తు వారి స్నానాల గది గొట్టానికి తగులుతున్నది, పక్కకు తిప్పితే కోశాధికారి గారి కారు అద్దానికి తగులుతున్నది. చివరకు బావిలో చేద వేసినట్లు రాడ్డును నిలువునా పట్టుకుని, దారాన్ని బొటనవేలితో కొంచెం కొంచెంగా వదిలాను. అల్లిన దారమే వాడాను. కొర్రమీను పళ్లకు సన్నని నైలాన్ దారం నిలవదని, అది తెంపుకుని పోతే గాలపు ముల్లు కూడా తాగే నీటిలో కలుస్తుందని నా ఉద్దేశం. ఈ ముందుచూపును ఎవరూ నమోదు చేయలేదు.

కొర్రమీనును పట్టడానికి కావలసినవి మూడు: నీడ, నిశ్శబ్దం, కదిలే ఎర. అది ఆకుల నీడలో దాక్కుని, పైన కదిలినదాని మీదికి దూకే జాతి; తవుడు ముద్దకూ మైదా ఉండకూ వచ్చే బొచ్చె, శీలావతుల వంటిది కాదు. నీడ సంపులో కావలసినంత ఉంది. నిశ్శబ్దం సంగతి చెప్పనక్కరలేదు. చుట్టూ నిలబడినవారు సెల్‌ఫోను టార్చీలు వెలిగించి లోపలికి చూపిస్తున్నారు. పోర్టులో పనిచేసి వచ్చిన పెద్దాయన రొయ్య గుచ్చితే గానీ లాభం లేదన్నారు. సముద్రపు చేప లెక్క వేరని నేను చెబితే, చేప చేపేనన్నారు. స్టీల్‌ప్లాంటులో పనిచేసినాయన అయస్కాంతం గురించి ఏదో అన్నారు గానీ, అది ముల్లును వెతకడానికో చేపను వెతకడానికో తేలలేదు. ఐదో అంతస్తు ఇల్లాలు పూలకుండీలో తవ్వి వానపాములను కాగితం కప్పులో పంపారు. ఆవిడది నిజంగా పనికివచ్చే సాయమని ఇప్పటికీ అంటాను. కార్యదర్శి గారు ప్రతి ఐదు నిమిషాలకూ "ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. గాలం ప్రగతి నివేదిక ఇచ్చే పని కాదని ఆయనకు ఎలా చెప్పడం?

కొర్రమీను గాలి కోసం పైకి రాక తప్పదు. గుటుక్కుమని నోరు తెరిచి, గాలి మింగి, వెంటనే మునుగుతుంది. ఆ చోటు చూసుకుని ఎరను కాస్త ముందుగా ఆడించాలి. రెండుసార్లు ఆ చప్పుడు వినిపించింది. వినిపించగానే ఇరవై టార్చీలు అటు తిరిగాయి, ఇరవై గొంతులు "అదిగో" అన్నాయి, చేప అడుగుకు పోయింది. చిన్నప్పటి నుంచి చెరువుల దగ్గర పెరిగిన మా కాపలాదారు నా పక్కనే కూర్చుని, "బాబూ, ఇంతమంది ఉండగా అది ఎరకు రాదండి, నీళ్లు తీసేస్తే చేతికే వస్తాది" అని మెల్లగా అన్నాడు. నేను ఆ మాట పైకి చెప్పాను. సంపు ఖాళీ చేయాలంటే కార్యవర్గ తీర్మానం కావాలని జవాబు వచ్చింది.

అప్పుడు దారం బిగిసింది. రాడ్డు కొన వంగింది. కొర్రమీను ఎర అందుకోగానే లాగకూడదు; నోట్లోకి పూర్తిగా తీసుకునేందుకు ఒక క్షణం ఇచ్చి, అప్పుడు గట్టిగా ఎత్తాలి. అలాగే ఇచ్చాను, అలాగే ఎత్తాను. జనం కేకలు వేశారు. పోర్టు పెద్దాయన "వదలకు నాయనా, వదలకు" అంటూ నా నడుము పట్టుకున్నారు. నేను రీలు తిప్పుతున్నాను, బరువు వస్తున్నది, కానీ విదిలింపు లేదు. ముల్లు తగిలిన కొర్రమీను తల విదిలించకుండా రావడమనేది నేను ఎరుగను. ఆ అనుమానం మెదడుకు చేరేలోపల, సంపు నోటి దగ్గరికి నల్లని గుండ్రని వస్తువు ఒకటి నీళ్లోడుతూ వచ్చింది. అది నీటి మట్టాన్ని బట్టి మోటారును నడిపే ఫ్లోటు స్విచ్చు.

కార్యదర్శి గారు స్వయంగా ఆపివేసిన మోటారు నిజానికి ఆటోమేటిక్ పద్ధతిలో ఉంది. శనివారం టాంకరు రాకపోవడం వల్ల సంపులో నీరు తక్కువై, ఫ్లోటు కిందికి వాలి, మోటారు తనంతట తానే ఆగి ఉంది. నేను ఫ్లోటును పైకి ఎత్తగానే, సంపు నిండిందనుకుని అది ఒక్క ఉదుటున మొదలైంది. "గొట్టంలోకి పోతుంది, గొట్టంలోకి పోతుంది" అని కార్యదర్శి గారు స్విచ్చు బోర్డు వైపు పరుగెత్తారు. ఆ గదికి ఆయనే వేసిన తాళం ఉంది, తాళం చెవి ఆయన ఫ్లాటులో ఉంది. నేను ఫ్లోటును గాలానికి అలాగే వేలాడదీసి నిలబడ్డాను. చేతులు నొప్పి పుట్టేదాకా నిలబడ్డాను. సంపు నీరంతా మేడ మీది టాంకుకు చేరింది.

అడుగున మిగిలిన మోకాలు లోతు నీటిలోకి కాపలాదారు నిచ్చెన వేసుకుని దిగి, తడి గోనెసంచి కప్పి చేపను పైకి తెచ్చాడు. దొరికిన చోటు ఉమ్మడి స్థలం కనుక చేప సంఘానిదేనని కార్యదర్శి గారు తేల్చి, అక్కడికక్కడే వేలం పెట్టారు. కొర్రమీను ధర తెలిసినవాడిని నేనొక్కడినే కావడం వల్ల న్యాయమైన ధర దాకా మాత్రమే పాడాను. కోశాధికారి గారు అంతకు పైన పాడారు.

సాయంత్రం బిల్లు వచ్చింది: సంపు శుభ్రం చేయించినందుకు, బ్లీచింగు పొడికి, ఒక టాంకరు నీటికి, ఫ్లోటు స్విచ్చుకు. పగిలిన మూత మాత్రం అందులో లేదు, ఎందుకంటే దానిని బాగుచేయించలేదు. పడవలో వాన నీరు నిలవకుండా బోర్లించి ఉంచాలన్న నియమాన్ని షిప్‌యార్డు పెద్దాయన సమావేశంలో ప్రస్తావించారట. అందువల్ల కొత్త మూత వచ్చేవరకు నా పడవను సంపు మీదనే బోర్లించి ఉంచాలని తీర్మానించారు. రెజిన్ పని అక్కడే, దాని వీపు మీదనే చేసుకోవచ్చునట. పార్కింగు రుసుము యథాప్రకారం చెల్లించవలెనని అడుగున చేతిరాతతో చేర్చారు.