పేరు చూడని బహుమతి

మన సంఘాల వేదికల మీద సన్మానాలకు కొదవ లేదు. కానీ శాలువాలూ జ్ఞాపికలూ దాదాపు అన్నీ ఇప్పటికే పేరొచ్చినవాళ్లకే వెళ్తున్నాయి. పిల్లలకిచ్చే బహుమతులేమో గడియారం చూసుకుంటూ జవాబు చెప్పే పోటీలకు. సైన్సుకూ గణితానికీ ఇది చాలదని నా గట్టి నమ్మకం.

ఫ్రాన్స్ విజ్ఞాన అకాడమీ పాత పద్ధతి వేరు. ముందు ఒక ప్రశ్న ప్రకటించి, ఏళ్ల గడువు ఇచ్చేవారు. వ్యాసం మీద పేరు ఉండకూడదు, ఒక సూక్తి మాత్రం రాయాలి. పేరు రాసిన కాగితాన్ని వేరే కవర్లో పెట్టి మూసి, పైన అదే సూక్తి రాయాలి. ఏ వ్యాసం గెలిచిందో తేలాకే ఆ కవరు విప్పేవారు.

ఆ రోజుల్లో క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రవేత్త పారిస్‌లో ఒక ప్రయోగం చూపించాడు. పలుచటి లోహపు పలక మీద సన్నటి ఇసుక చల్లి, అంచున వయొలిన్ కమాను లాగితే, ఇసుక గెంతుతూ వెళ్లి పలక కదలని చోట్ల చేరి ముగ్గులా నిలబడుతుంది. నెపోలియన్ ముచ్చటపడ్డాడు. దీని వెనకున్న గణితం చెప్పినవారికి బహుమతి అని 1809లో ప్రకటించారు. 1811 గడువుకు ఒక్కటంటే ఒక్క వ్యాసం వచ్చింది. రాసింది సోఫీ జెర్మైన్. ఆడవాళ్లను చేర్చుకోని కాలేజీ పాఠాల నోట్సు సంపాదించి చదువుకున్న మనిషి. లెక్కలో తప్పులు దొర్లాయి, బహుమతి రాలేదు. అయితే నిర్ణేతల్లో ఒకరైన లగ్రాంజ్ ఆ వ్యాసాన్ని పక్కన పడేయలేదు, దాని ఆధారంగానే సరైన సమీకరణం తేల్చాడు. గడువు పొడిగించారు. 1813లో మళ్లీ పంపితే ప్రశంసతో సరి. మళ్లీ పొడిగించారు. చివరికి 1816 జనవరిలో మూడో వ్యాసానికి బహుమతి ఇచ్చారు, అదీ పూర్తి తృప్తి లేకుండానే.

బహుమతి కన్నా ఆ రెండు పొడిగింపులే నాకు గొప్పగా కనిపిస్తాయి. ఈ కాలపు ఏ కమిటీ అంత ఓపిక పడుతుంది?

అకాడమీ తప్పులు చేయలేదని కాదు. 1882 బహుమతికి పెట్టిన ప్రశ్నను ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త హెన్రీ స్మిత్ 1867లోనే తేల్చేశాడన్న సంగతి వాళ్లకు తెలియనే తెలియదు. అయినా ఆ బహుమతిని స్మిత్‌తో పంచుకున్నది 18 ఏళ్ల విద్యార్థి మింకోవ్‌స్కీ. నిబంధనకు విరుద్ధంగా జర్మన్‌లో రాసి పంపినా అడ్డు చెప్పలేదు. 1888లో రష్యన్ గణితవేత్త సోఫియా కొవలెవ్‌స్కాయా వ్యాసం ఎంత నచ్చిందంటే, 3000 ఫ్రాంకుల మొత్తాన్ని 5000 చేశారు.

మన సంఘం కూడా హైస్కూలు, కాలేజీ పిల్లలకు ఇలాంటి ప్రశ్న ఒకటి పెట్టాలి. మన పిల్లలు ఎందరో మృదంగం నేర్చుకుంటున్నారు. కుడి మూత మీద ఆ నల్లటి పూత లేకపోతే నాదం ఎందుకు శ్రుతిలో పలకదు? విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ వందేళ్ల కిందటే దీని మీద పరిశోధించారు. పిల్లలు తమ కొలతలతో, తమ లెక్కలతో రాయాలి. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా సరే. రెండేళ్ల గడువివ్వాలి. ఎవరి పిల్లలన్నది నిర్ణేతలకు తెలియకూడదు. తప్పులున్న వ్యాసానికి ఎక్కడ తప్పిందో రాసి తిప్పి పంపాలి. తగిన వ్యాసం రాకపోతే డబ్బు అలాగే ఉంచి మరో రెండేళ్లు పొడిగించాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని చర్చకు పెట్టమని కోరుతున్నాను.