పాపికొండల్లో రోడ్డు: తారు అడగాలా, బాట బాగుచేయమనాలా?

పాపికొండలు 2008లో జాతీయ ఉద్యానవనమయ్యాయి. విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఆ అడవి లోపలా అంచుల్లోనూ ఉన్న కొండరెడ్ల గూడేలకు కేంద్రం డబ్బుతో తారు రోడ్డు సాధించాలన్నది ఒకరి వాదన. ఉన్న బాటను బాగుచేస్తే చాలు, తారు వద్దన్నది రెండోవారి వాదన.

రోడ్డు వాది: డోలీ మోత ఆగాలంటే 108 బండి గూడెం దాకా రావాలండి. గ్రామ సడక్ యోజనలో మైదానాలకు 500 జనాభా ఉండాలి, షెడ్యూల్డ్ ప్రాంతాలకు 250. మన గూడేలు రెండింటికీ అందవు. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్‌లో మాత్రం కొండరెడ్ల వంటి ఆదిమ తెగల గూడెంలో వంద మంది ఉంటే చాలు. దేశమంతటికీ 8,000 కిలోమీటర్లు, కిలోమీటరుకు కోటి రూపాయల లెక్క. ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు కూడా మట్టిబాటే అడుగుదామా?

అడవి వాది: ఆ కోటి లెక్క దేశం మొత్తానికి వేసింది. పార్కులో గ్రావెల్ తవ్వనివ్వరు, కంకర కొట్టనివ్వరు. లోపల లేబరు క్యాంపు పెట్టనివ్వరు, చీకటి పడ్డాక పని చేయనివ్వరు. ప్రతి లారీ లోడూ బయటి క్వారీ నుంచి ఘాటెక్కి రావాలి. ఆ లీడు, అంటే సరుకు మోసే దూరం ఖర్చు, కలపకుండా ఎస్టిమేట్ వేస్తే టెండరుకు ఎవరూ రారు. వచ్చినా మట్టిపని బిల్లు ఎత్తేసుకుని, కంకర దగ్గర ఆపేసి పోతారు. చెట్లూ పోతాయి, రోడ్డూ రాదు. నా భయం అదేనండి.

రోడ్డు వాది: దానికి మందు ఎస్టిమేట్‌లోనే ఉంది. క్వారీ నుంచి గూడెం దాకా లీడు కొలిచి, పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) చేత పని పూర్తి నివేదిక డీపీఆర్‌లో రాయించాలి. కిలోమీటరుకు కోటి దాటిన సొమ్ము ఎవరు పెట్టుకుంటారో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారి దగ్గర ముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఇక అనుమతి అంటారా, అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఉంది. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా నరకడం, గ్రామసభ సిఫారసు. ఇవి ఉంటే డీఎఫ్‌ఓ (డివిజన్ అటవీ అధికారి) స్థాయిలోనే అయిపోతుంది.

అడవి వాది: ఇక్కడే అందరూ బోల్తా పడుతున్నారు. కొండ రోడ్డుకు ఆరు మీటర్ల వెడల్పు తీసుకుంటే హెక్టారు ఎంత దూరానికి వస్తుంది? 1,666 మీటర్లకు. గూడెం ఐదు కిలోమీటర్లుంటే మూడు హెక్టార్లు కావాలి. దాన్ని ముక్కలు చేసి మూడు నాలుగు ఫైళ్లు పెడతారు. జాయింట్ ఇన్‌స్పెక్షన్‌లో రేంజర్ జీపీఎస్ పాయింట్లు కలిపి చూస్తే అన్నీ ఒకే రోడ్డని తేలిపోతుంది, ఫైలు వెనక్కి వస్తుంది. ఇంకో మాట. సెక్షన్ 3(2) పక్కకు నెట్టేది 1980 అటవీ సంరక్షణ చట్టాన్నే. 1972 వన్యప్రాణి చట్టం పేరు అందులో లేదు. జాతీయ పార్కులో ఆ వన్యప్రాణి చట్టం సెక్షన్ 35(6) అలాగే ఉంటుంది. ఫైలు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, రాష్ట్ర బోర్డు మీదుగా జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం దాకా వెళ్లాల్సిందే.

రోడ్డు వాది: ఒప్పుకుంటాను. అయితే వెడల్పు తగ్గించమనండి, రోడ్డే వద్దనకండి. బండ్లు తక్కువ తిరిగే చోట మూడు మీటర్ల తారు చాలు, ఎదురుబండికి అక్కడక్కడా పాసింగ్ ప్లేసు. పాత బండిబాట మీదనే వేస్తే కొట్టే చెట్లూ తక్కువే.

అడవి వాది: ఆ బాట మీదనే మొరం పరిచి, వాగుల మీద కల్వర్టులు, కాజ్‌వేలు కట్టించమంటున్నాను నేను. వానాకాలంలో దారి తెగేది తారు లేక కాదు, నీళ్లకు దారి లేక. కొండవైపు సైడు కాలువ తవ్వరు, 600 మి.మీ. తూము ఒక్కటి పడేసి పోతారు. మొదటి వానకే ఆకూ పుల్లా రాయీ కొట్టుకొచ్చి దాన్ని మూసేస్తాయి. నీళ్లు రోడ్డెక్కి లోయవైపు అంచును కోసుకుపోతాయి. మనిషి దూరి పూడిక తీయగలిగే మీటరు తూము పెట్టి, రెండు చివర్లా రాతికట్టు కడితే ఆ మట్టిబాట మీదే అంబులెన్సు నడుస్తుంది.

రోడ్డు వాది: తూముల సంగతిలో మీతో పేచీ లేదండి. కానీ ఎర్రమట్టి ఘాటులో మొరం రెండో వానాకాలం చూడదు. గ్రామ సడక్ పద్ధతి తారు రోడ్డుకు ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరు మెడకే ఉంటుంది. మట్టిబాట చెడితే ఎవరి గుమ్మం ఎక్కాలి?

అడవి వాది: తారు పడితే పోలవరం వైపు నుంచి పర్యాటకుల కార్లు కూడా వస్తాయి, రాత్రీ పగలూ. దున్నలు, కణుజులు రోడ్డు దాటేది ఎక్కువగా రాత్రివేళల్లోనే. పోలవరం అంటే గుర్తొచ్చింది, మీ రోడ్డు గీత +45.72 మీటర్ల కాంటూరుకు, అంటే పోలవరం జలాశయం నిండు నీటిమట్టానికి, పైనే ఉందా? కింద ఒక్క వంపున్నా జలాశయం నిండిన నాడు ఆ కోటి నీళ్లపాలే.

రోడ్డు వాది: కాంటూరు మాట న్యాయం. రోడ్డు పొడవునా నేల ఎత్తు (లెవెల్స్) కొలవకుండా గ్రామసభకు వెళ్లకూడదు. రాత్రి రాకపోకలకు గేటు పెడదాం. శ్రీశైలం అడవి రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆపుతున్నారు కదా, అంబులెన్సును మినహాయించి ఇక్కడా అలాగే.

అడవి వాది: గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో గ్రామసభ తీర్మానంలోనే రాయండి. సభకు సగం మంది రావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటే ఆ కాగితం చెల్లదు.

రోడ్డు వాది: రాస్తాం. తీర్మానంలో ఇంకో వాక్యం కూడా చేరుస్తాం: ఈ దారి అటవీ సిబ్బంది బేస్ క్యాంపు గస్తీకీ, వేసవిలో కార్చిచ్చు ఆర్పడానికీ పనికొస్తుందని. 35(6) అడిగేది వన్యప్రాణికి మేలు ఏమిటని. అది చెప్పని ఫైలు బోర్డులో నిలవదు.

అడవి వాది: గస్తీ జీపుకు మొరం చాలండి. తారుకు మాత్రం నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇస్తాను, దాన్ని కూడా తీర్మానానికి జతచేసి పంపండి.